ఎండను నమ్మి అలల్లోకి దిగితే

సముద్రపు అలల్లో నిలబడి గాలం వేద్దామని వెళ్ళి, మొదటిసారి గంటకే వెనక్కి వచ్చేశాను. చేపలు పడక కాదు, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే రీలు తిప్పడం చేతకాక. పొద్దున్నే ఎండ వెచ్చగా ఉంది కదా అని కాటన్ బనీను, జీన్స్ ప్యాంటు వేసుకుని, పైన వేడర్లు, అంటే నీళ్ళు చొరకుండా పాదాల నుంచి ఛాతీ దాకా వచ్చే ప్యాంటు, తగిలించుకుని, ఇసుకలో రెండు కిలోమీటర్లు నడిచాను. అలల్లోకి దిగేసరికి వీపంతా ముద్దగా తడిసి ఉంది. సముద్రం తడపలేదు, నా చెమటే!

చల్లటి తీరాల్లో వసంతం ఇలాగే మోసం చేస్తుంది. నీళ్ళు వేడెక్కాలంటే గాలికన్నా ఎంతో ఎక్కువ వేడి కావాలి. అందుకే ఒడ్డున పూలు పూస్తున్నా సముద్రం మాత్రం ఇంకా చలికాలంలోనే ఉంటుంది. పైగా ఒంట్లో వేడిని నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. 10 డిగ్రీల నీళ్ళలో తొడల్లోతున నిలబడ్డవాడికి నెత్తిమీద ఎండ ఎంత కాస్తే ఏం లాభం?

రెండోసారి వెళ్ళేముందు రెండు రోజులు తయారీకే పెట్టుకున్నాను. ముందు వేడర్ల పని పట్టాను. చలికాలమంతా మడతపెట్టి పడేసినవి, మోకాలి దగ్గర ఎక్కడో కారుతున్నాయని అనుమానం. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పేసి, ఒక్కో కాలి లోపలికి టార్చి దింపి బయటినుంచి చూశాను. ఎడమ మోకాలి దగ్గర సూది మొనంత వెలుతురు చుక్క కనిపించింది. ఇంకా ఉన్నాయేమోనని వేడర్లను తిరగేసి, లోపలి వైపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (మందుల షాపులో దొరికే స్పిరిట్ లాంటిది) చల్లాను. గాలి ఆడే గుడ్డతో కుట్టిన వేడర్లలో చిల్లు ఉన్నచోట నల్లటి మచ్చ తేలుతుంది. నియోప్రిన్ అనే మందపాటి రబ్బరుతో చేసిన వాటికి ఈ చిట్కా పనిచేయదు. కుట్టు పక్కనే ఇంకో మచ్చ తేలింది. రెండింటికీ గమ్ పూసి రాత్రంతా ఆరనిచ్చాను.

గాలం సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తుప్పు పట్టిన కొక్కేలు మార్చాను. కొక్కెం మొన బొటనవేలి గోటి మీద పెడితే జారకుండా పట్టుకుందంటే పదును ఉన్నట్టే. చివర ఉప్పు పట్టి గరుకెక్కిన అల్లిక దారాన్ని నాలుగైదు మీటర్లు కోసిపారేసి, దానికీ కొక్కేనికీ మధ్య కట్టే లీడరు దారం ముడి కొత్తగా వేశాను.

ఇక బట్టలు. వరస తప్పితే మళ్ళీ అన్నీ విప్పాల్సిందే, ఆ పని రెండుసార్లు చేశాను. ఒంటికి అంటుకునేది పాలియెస్టరో మెరీనో ఉన్నో అయితే మంచిది. కాటన్ చెమట పీల్చుకుని ఆరదు. లోపలి ప్యాంటు అంచుల్ని మేజోళ్ళలోకి దోపాలి. లేకపోతే వేడర్లు ఎక్కించేటప్పుడు అది మోకాలి దాకా ఎగబాకి, అక్కడే ముద్దకట్టి రోజంతా సతాయిస్తుంది. మేజోళ్ళు రెండు జతలు వేస్తే వెచ్చగా ఉంటుందనుకున్నాను. బూటు బిగుసుకుపోయి వేళ్ళు మొద్దుబారాయి. ఒక్క మందపాటి జత, కాస్త వదులు బూటు, అంతే. అన్నట్టు, వేడర్లు ఎక్కించకముందే బాత్రూముకి వెళ్ళిరండి. ఎందుకో వివరించను.

వేడర్ల మీద పొట్టి జాకెట్టు, దానిమీద బెల్టు బిగించాలి. అల కొట్టినా, జారిపడినా నీళ్ళు కాళ్ళలోకి దిగకుండా కాస్త ఆపేది ఆ బెల్టే. వేడర్లు నిండితే మనిషిని కిందికి లాగేస్తాయని చాలామంది భయపడతారు. కానీ నీళ్ళలో ఉన్నంతసేపూ లోపలి నీటి బరువు తెలియదు. లేచి ఒడ్డెక్కబోతేనే కాళ్ళు కదలవు. వెనకాల ఇంకో అల వస్తుంటే ఆ కాసేపే ప్రమాదం. అందుకే పైన గాలి నిండే లైఫ్ జాకెట్టు కూడా వేసుకున్నాను.

ఈసారి నడిచేటప్పుడు ఫ్లీసు, అంటే మెత్తటి నూగు స్వెట్టరు, ఒంటిమీద లేదు, సంచిలో ఉంది. ఇది మాత్రం నా తెలివి కాదు. మొదటిసారి వణుకుతూ వస్తుంటే ఎదురైన పెద్దాయన నా వీపు మీద చెయ్యేసి, "లోపల్నించి తడిశావు బాబూ, నడిచేటప్పుడు కాస్త చలేస్తేనే మంచిది" అన్నాడు. పలచటి చొక్కాతో, జాకెట్టు జిప్పు తీసేసి, కాస్త వణుక్కుంటూనే నడిచాను. నీళ్ళ దగ్గరికి చేరాక రెండు నిమిషాలు ఆగి, ఒళ్ళు ఆరాక ఫ్లీసు తొడిగి, మెడ దగ్గర, మణికట్టు దగ్గర పట్టీలు బిగించాను. చూపుడువేలికి టేపు చుట్టాను. తడికి నానిన చర్మాన్ని అల్లిక దారం బ్లేడులా కోస్తుంది.

పోటు ఎక్కుతున్న మూడు గంటలూ నిలబడ్డాను. చేప ఒక్కసారి కొట్టింది, ఒడ్డుకి పది అడుగుల దూరంలో కొక్కెం విదిలించుకుని పోయింది. చొక్కా లోపలికి చెయ్యి పెట్టి చూశాను, వీపు పొడిగా ఉంది. ఆనందంగానే కారు దగ్గరికొచ్చి వేడర్లు విప్పాను. కుడి మడమ దగ్గర మేజోడు తడి. పిండితే చుక్క కారింది.

ఆ రాత్రి మళ్ళీ గదిలో లైట్లు ఆర్పాను.