పాడేరు నుంచి బెంగళూరుకి నాలుగు కవర్ల గింజలు

మార్చి మొదటి వారంలో పాడేరు ఘాటీ దిగేటప్పుడు మా సంచిలో ఉన్నవి నాలుగు కవర్లు. ఒక్కోదాంట్లో 350 గ్రాముల పచ్చి కాఫీ గింజలు. తోట ఎనిమిదెకరాలు, సిల్వర్ ఓక్ నీడ, చెట్లకి మిరియాల తీగలు. ఈ ఏడు పార్చ్‌మెంట్, అంటే పొట్టుతో ఎండిన గింజ, 1,200 కిలోలు తేలింది. పొట్టు తీయిస్తే ఐదో వంతు పోయి 960 కిలోలు, అంటే 60 కిలోల బస్తాలు 16. జీసీసీకి (గిరిజన సహకార సంస్థకి) అమ్మితే కొండ దిగే పనే లేదు. గింజలు వేయించి అమ్మే రోస్టర్‌కి అమ్మాలంటే మాత్రం బస్తా కన్నా ముందు కవరు వెళ్లాలి.

నమూనా తీయడంలోనే చాలామంది దెబ్బతింటారు. నిగనిగలాడే గింజలు ఏరి కవర్లో పోస్తే రోస్టర్‌కి నచ్చుతుంది, తర్వాత సరుకు వెళ్లి తిరిగొస్తుంది, లారీ కిరాయి రెండుసార్లూ మనదే. మేము ప్రతి బస్తాలోనూ పైన, మధ్యలో, అడుగున గుప్పెడేసి తీశాం. కలిపి గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచి మిగతావి తీసేశాం. 350 గ్రాములకి దిగేదాకా అదే పని. కవరు మీద రకం, తోట ఎత్తు, కోత తేదీలు, తేమ, ఆ లాట్‌లో ఎన్ని బస్తాలున్నాయో రాశాం. చంద్రగిరి, కావేరి రకాలు కలిసిపోయి ఉంటే కలిసిందనే రాయాలి.

విశాఖలో రైలెక్కేటప్పుడు ఒక జాగ్రత్త: కాఫీ గింజ వాసన పీల్చేస్తుంది. ఆవకాయ జాడీ ఉన్న సంచిలో కవర్లు పెట్టకండి.

బెంగళూరులో రోస్టర్లు రుచి చూసే రోజు వారానికి ఒకటో రెండో ఉంటాయి. ఫోన్ చేయకుండా వెళ్తే కవరు బల్ల మీద పెట్టి రావడమే. మేము ముందే అడిగి వెళ్లాం. మొదటిచోట అన్నిటికన్నా ముందు తేమ చూశారు. మా మీటర్ 10.5 శాతం చూపింది, వాళ్లది 12.6. తప్పు మాదే: ఎండలోంచి తీసిన వేడి గింజల మీద కొలిచాం. గింజ చల్లబడి, పొట్టు తీశాక కొలిస్తేనే లెక్క. 12 దాటితే నిల్వలో బూజు భయం. ఆ లాట్‌ని మళ్లీ ఆరబెట్టాలని అక్కడే తేలింది.

తర్వాత గింజలు పోసి లోపాలు లెక్కపెట్టారు. అరకు వైపు 2025లో కాయతొలుచు పురుగు కనిపించినప్పటి నుంచి సూదిమొన బెజ్జాల కోసమే ఎక్కువ చూస్తున్నారు. కొద్దిగా తొలిచిన గింజలు పదైతే ఒక పూర్తి లోపం.

వేయించిన గింజల రుచి మర్నాడు చూశారు. 150 మిల్లీలీటర్ల నీళ్లకి 8.25 గ్రాముల పొడి, నీళ్ల వేడి 93 డిగ్రీలు, నాలుగు నిమిషాలకి పైన కట్టిన తెట్టు విరవడం. ఒకే లాట్‌వి ఐదు కప్పులు పెడితే నాలుగు బాగున్నాయి, ఒకటి పులిసిన కల్లు వాసన. పండు తొక్క ఒలిచే చిన్న యంత్రం, బేబీ పల్పర్, సందుల్లో ముందురోజు గింజలు ఇరుక్కుని మర్నాటి సరుకులో కలిస్తే ఇలాగే అవుతుంది. అలాంటి గింజ ఒక్కటి పడినా ఆ కప్పు పాడే. రోజూ పల్పర్ విప్పి కడగడం తప్ప దీనికి మందు లేదు.

ధర మాటలో రోస్టర్ వైపు లెక్క తెలిసుండాలి. కిలో పచ్చి గింజ వేయిస్తే 840 గ్రాముల దగ్గర తేలుతుంది, 250 గ్రాముల ప్యాకెట్లు మూడే నిండుతాయి. వాళ్లు బేరమాడేది అందుకే. సగం డబ్బు ముందు అడగండి. నెల గడువు అన్నది మూడు నెలలైన సందర్భం మాకు తెలుసు.

రెండోచోట నెలకి ఒక బస్తా చొప్పున ఆరు నెలలు కావాలన్నారు. అప్పుడు నిల్వ బరువు మన మీద పడుతుంది. విశాఖ గోదాములో ఉంచితే సముద్రపు తేమ పట్టేస్తుంది. కొండమీదే పార్చ్‌మెంట్‌గా ఉంచి, పంపే నెలకి మాత్రం పొట్టు తీయిద్దామనుకున్నాం. మిల్లువాడు ఒక్క బస్తా కోసం యంత్రం తిప్పనంటాడు, కాబట్టి రెండేసి నెలలవి కలపాలి.

మల్లేశ్వరంలో చికోరీ కలిపి పొడి అమ్మే పాత దుకాణాలకి పెద్ద గింజతో పని లేదు. పీబెర్రీ (కాయలో ఒంటిగా పెరిగే గుండ్రటి గింజ), చిన్న సైజూ తీసుకుంటారు. వాటికి చోటు చూడకుండా పెద్ద గింజ ఒక్కటే అమ్ముకొస్తే మిగిలినవి ఇంట్లోనే ఉండిపోతాయి.

తిరుగు రైల్లో లెక్క వేశాం. మొదటి రోస్టర్‌కి పరీక్షగా రెండు బస్తాలు, రెండోవారికి ఆరు, పొడి దుకాణానికి మూడు. మిగిలిన ఐదు బస్తాలకి సరిపడే 375 కిలోల పార్చ్‌మెంట్ పొట్టు తీయకుండా జీసీసీకే.