హ్యాంగ్ కాలేదు, స్టిఫ్ అయింది: రాబర్ట్‌సన్ సమస్యతో నా అనుభవం

రాబర్ట్‌సన్ 1966లో ఇచ్చిన రసాయన చర్యల సమస్య చూడటానికి మూడు లైన్లే. ఎ, బి, సి అని మూడు పదార్థాలు. ఎ నెమ్మదిగా బి అవుతుంది, రేటు 0.04. రెండు బిలు ఢీకొంటే ఒకటి సి అవుతుంది, 3×10⁷. సి తోడుంటే బి తిరిగి ఎ అవుతుంది, 10⁴. మొదట ఎ 1, మిగతావి సున్నా.

దీన్ని సైపైలో (పైథాన్ గణిత లైబ్రరీ) అవకలన సమీకరణాలు సాధించే సాల్వ్_ఐవీపీకి ఇచ్చి, కాలం 4×10⁵ దాకా నడపమన్నాను. సైపైలోనే ఇదే పని చేసే పాత ఫంక్షన్ ఓడీఈఇంట్ కోడ్ తెచ్చుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి: మనం రాసిచ్చే ఫంక్షన్‌లో అక్కడ వై (విలువలు) ముందు, ఇక్కడ టీ (కాలం) ముందు.

పద్ధతి చెప్పకపోతే సాల్వ్_ఐవీపీ ఆర్‌కే45 తీసుకుంటుంది, అంటే కాలంలో చిన్న చిన్న అడుగులేస్తూ పోయే రుంగే-కుట్టా పద్ధతి. కర్సర్ అలా మెరుస్తూనే ఉంది. ఎర్రర్ లేదు, జవాబూ లేదు. కాలాన్ని 40కి తగ్గిస్తే బయటికొచ్చింది, కానీ దాదాపు 40 వేల అడుగులేసి. అక్కడ జాకోబియన్ (ఒక్కో రేటు ఒక్కో పదార్థంతో ఎలా మారుతుందో చూపే మాతృక) పెద్ద ఐగెన్ విలువ, అంటే అన్నిటికంటే వేగంగా అణిగిపోయే మార్పు వేగం, సుమారు −3400. ఆర్‌కే45 అదుపు తప్పకుండా ఉండాలంటే గుర్తు వదిలేసి ఆ విలువను అడుగు పొడవుతో గుణిస్తే 3.3 దాటకూడదు. అంటే అడుగు 0.001. గ్రాఫ్ ఎంత నున్నగా ఉన్నా అంతే. ఆర్‌టాల్ (విలువతో పోల్చి ఎంత తప్పు ఒప్పుకోవచ్చో చెప్పే హద్దు) సడలించి లాభం లేదు, అడుగును ఆపుతున్నది ఖచ్చితత్వం కాదు, స్థిరత్వం. స్టిఫ్ అంటే ఇదే. 4×10⁵ దాకా పోవాలంటే వంద కోట్ల పైచిలుకు అడుగులు!

పద్ధతిని స్టిఫ్ సమస్యల కోసమే ఉన్న బీడీఎఫ్‌కి మార్చగానే చిటికెలో అయిపోయింది. అదే కోవకు చెందిన రాడౌ కూడా పనిచేస్తుంది. అయితే బి గీత నాకు నమ్మబుద్ధి కాలేదు. బి గరిష్ఠమే 3.6×10⁻⁵, కాలం 4×10⁴ దగ్గర 1.6×10⁻⁷. ఏటాల్ (విలువతో సంబంధం లేకుండా ఒప్పుకునే తప్పు హద్దు) డిఫాల్ట్ 10⁻⁶. అక్కడ బి అంతా తప్పైనా సాల్వర్‌కి పట్టదన్నమాట. ఏటాల్‌ను మూడింటికీ విడివిడిగా 10⁻⁸, 10⁻¹⁴, 10⁻⁶ అని, ఆర్‌టాల్‌ను 10⁻⁴ అని ఇచ్చాక కుదురుకుంది. గీసేటప్పుడు కాలం అక్షం లాగ్‌లో పెట్టి, బిని 10⁴తో గుణించాలి, లేకపోతే అది సున్నా మీద పడుకున్నట్టే ఉంటుంది.

మూడూ కలిపితే 1 వచ్చిందని మురిసిపోకండి. సమీకరణాల్లోనే ఆ మొత్తం మారదు, తప్పు జవాబుకీ 1 వస్తుంది. నేను ఆర్‌టాల్, ఏటాల్ రెంటినీ వంద రెట్లు బిగించి మళ్లీ నడిపి, అంకెలు పోల్చాను. కాలం 40 దగ్గర ఎ 0.7158, బి 9.185×10⁻⁶, సి 0.2842 రావాలి.

జాకోబియన్ చేత్తో రాసిస్తే ప్లస్, మైనస్ గుర్తులు జాగ్రత్త. గుర్తు తప్పినా జవాబు చాలాసార్లు సరిగ్గానే వస్తుంది, ప్రతి అడుగులోనూ సమీకరణాలు విప్పడానికి బీడీఎఫ్ వాడే న్యూటన్ పునరావృతం మాత్రం కుదరక అడుగులు చిన్నవైపోతాయి. ఎన్‌ఎఫ్‌ఈవీ (మన ఫంక్షన్‌ను ఎన్నిసార్లు పిలిచిందో ఆ లెక్క) ఉన్నట్టుండి పెరిగితే నేను ముందు చూసేది అక్కడే.