గోల్ఫ్ బంతిని గ్రీన్ వైపు నుంచి ఎంచుకోవాలి

బెంగళూరులో గోల్ఫ్ నేర్చుకుంటున్న తెలుగువాళ్లు ఈ మధ్య బాగా కనిపిస్తున్నారు. వారాంతంలో ఏ ప్రాక్టీస్ రేంజ్‌కు వెళ్లినా పక్క బే నుంచి మన మాటలు వినపడుతున్నాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే కర్ర) కొనడానికి నెలల తరబడి ఆలోచిస్తారు, పది వీడియోలు చూస్తారు, కోచ్‌ను అడుగుతారు. బంతి దగ్గరకు వచ్చేసరికి మాత్రం దుకాణంలో చేతికందిన డబ్బా తీసుకుంటారు. ఒకవేళ అడిగినా, "అన్నా, ఏ బాల్ ఎక్కువ దూరం పోతుంది?" అనే అడుగుతారు. బంతిని ఎంచుకోవడానికి ఇది సరైన ప్రశ్న కాదని నా గట్టి నమ్మకం.

పద్దెనిమిది హోల్స్ ఆటలో డ్రైవర్ మహా అయితే పద్నాలుగు సార్లు బయటికి వస్తుంది. బంతి ప్రతి దెబ్బకూ ఉంటుంది. ఆ దెబ్బల్లో సగానికి పైగా గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదా, గ్రీన్‌కు వంద గజాల లోపలా పడేవే. నేడు పేరున్న సంస్థల బంతుల్లో ఏది కొట్టినా డ్రైవర్‌తో వచ్చే దూరంలో తేడా మనలాంటివాళ్లకు కొద్ది గజాలే. అదే వెడ్జ్‌తో (దగ్గరి దెబ్బలకు వాడే వాలు ముఖపు కర్రతో) కొట్టినప్పుడు ఒక బంతి రెండు గెంతులు వేసి ఆగుతుంది, మరొకటి గ్రీన్ దాటి అవతలి గడ్డిలోకి దొర్లిపోతుంది. స్కోరు మారేది అక్కడే. ఈ తేడా ఎందుకు వస్తుందో అర్థం కావాలంటే బంతి ఎలా మారుతూ వచ్చిందో కొంత తెలుసుకోవాలి.

పందొమ్మిదో శతాబ్దం మధ్య వరకు స్కాట్లాండులో వాడింది ఈకల బంతి. తోలు ముక్కలను సంచిలా కుట్టి, కుట్లు లోపలికి పోయేలా తిరగేసి, వదిలిన చిన్న రంధ్రం గుండా ఉడికించిన పెద్దబాతు ఈకలను కూరేవారు. తడి తోలు ఆరేకొద్దీ ముడుచుకునేది, తడి ఈకలు ఆరేకొద్దీ ఉబ్బేవి. ఈ రెండు బలాల మధ్య బంతి బిగిసిపోయి, చేత్తో నొక్కితే లొంగనంత గట్టిపడేది. నేర్పరి అయిన పనివాడు రోజంతా కూర్చున్నా మూడు నాలుగు బంతులకు మించి చేయలేకపోయేవాడు కనుక, ధర ఎక్కువగా ఉండేది, ఆట డబ్బున్నవాళ్ల చేతుల్లోనే ఉండేది. వానలో తడిస్తే బరువెక్కేది, కుట్ల దగ్గర పగిలేది. 1829లో మొదలైన కలకత్తా క్లబ్బులో తొలి ఆటగాళ్లు కొట్టింది ఈ బంతినే అయి ఉండాలి, ఎందుకంటే అప్పటికి మరో మంచి బంతి లేదు.

1848 ప్రాంతంలో గట్టాపర్చా వచ్చింది. మలయా ప్రాంతపు చెట్ల నుంచి కారే పాలు ఇది. వేడి నీటిలో మెత్తబడి, చల్లారితే గట్టిపడుతుంది. భారతదేశం నుంచి స్కాట్లాండుకు పంపిన విష్ణుమూర్తి విగ్రహం చుట్టూ రక్షణగా చుట్టిన గట్టాపర్చాతోనే మొదటి బంతిని చేశారని ఒక కథ ఇప్పటికీ ప్రచారంలో ఉంది. కథ మాట ఎలా ఉన్నా, ఈ బంతి చవక, వానకు చెడదు, సొట్ట పడితే వేడినీళ్లలో వేసి మళ్లీ గుండ్రంగా చేసుకోవచ్చు. ఈకల బంతులు చేసి బతికే సెయింట్ ఆండ్రూస్ నిపుణుడు అలన్ రాబర్ట్‌సన్ దీన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. ఆయన దగ్గర పనిచేసే టామ్ మోరిస్ ఆ కొత్త బంతితో ఆడినందుకు ఇద్దరి మధ్యా మాటా మాటా పెరిగి, చివరికి మోరిస్ వేరే దుకాణం పెట్టుకున్నాడు. మన హైగ్రౌండ్స్‌లోని బెంగళూరు గోల్ఫ్ క్లబ్ 1876లో మొదలైంది. అంటే ఈ ఊళ్లో మొదట ఎగిరిన గోల్ఫ్ బంతులు గట్టాపర్చావే అనుకోవచ్చు. ఆ ముక్క గుర్తొచ్చినప్పుడల్లా ఆ క్లబ్బు పక్కనున్న శాంకీ రోడ్డు మీద నా కారు కొంచెం నెమ్మదిస్తుంది.

ఈ గట్టాపర్చా బంతితోనే ఒక గొప్ప విషయం బయటపడింది. కొత్తగా నున్నగా ఉన్న బంతి కాస్త దూరం పోయి కూలిపోయేది. ఆడి ఆడి గాట్లు పడిన పాత బంతి నిలకడగా ఎగిరేది. ఆటగాళ్లు అది గమనించాక, తయారీదారులు కొత్త బంతుల మీదే సుత్తితో గాట్లు పెట్టడం మొదలుపెట్టారు. కారణం తర్వాత తెలిసింది. నున్నటి బంతి వెంట జారే గాలి పొర తొందరగా విడిపోయి, వెనక పెద్ద సుడిని వదులుతుంది, అది బంతిని వెనక్కి లాగుతుంది. ఉపరితలం గరుకుగా ఉంటే ఆ పలుచని గాలి పొర అల్లకల్లోలమై, బంతిని మరికొంత దూరం అంటిపెట్టుకుని ఉంటుంది. వెనక సుడి చిన్నదవుతుంది, గాలి నిరోధం దాదాపు సగానికి తగ్గుతుంది. బంతి తన చుట్టూ తాను వెనక్కి తిరుగుతూ పోతే దాన్ని పైకి లేపే బలం కూడా పుడుతుందని ఎడింబరో భౌతిక శాస్త్రవేత్త పీటర్ గత్రీ టేట్ 1890లలో వివరించాడు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ టేట్ 1896లోనూ 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్. ఒకే ఇంట్లో ఒకరు బంతి గుట్టు విప్పుతుంటే మరొకరు దాన్ని కొట్టి గెలుస్తుండటం నాకు ఎంతో నచ్చే సంగతి. 1905లో ఇంగ్లండుకు చెందిన విలియం టేలర్ అప్పటి బంతుల మీద ఉండే ఉబ్బెత్తు బుడిపెల స్థానంలో లోపలికి నొక్కిన గుంటలతో పేటెంటు తీసుకున్నాడు. నేటి డింపుల్స్ అవే. సాధారణంగా ఒక బంతి మీద 300 నుంచి 500 వరకు ఉంటాయి.

ఈలోగా లోపలి భాగం కూడా మారింది. 1898లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో, గుడ్‌రిచ్ రబ్బరు కర్మాగారం దగ్గర, కోబర్న్ హాస్కెల్ రబ్బరు దారాన్ని సాగదీసి గుండ్రంగా చుట్టి బంతి చేయించాడు. 1902లో హాయ్‌లేక్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌ను శాండీ హెర్డ్ హాస్కెల్ బంతితో ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. ఓడినవాళ్లలో హ్యారీ వార్డన్, జేమ్స్ బ్రెయిడ్ అంతటివాళ్లు ఉన్నారు. ఆ తర్వాత గట్టాపర్చా బంతి ఎక్కువ కాలం నిలవలేదు. నిబంధనలు కూడా క్రమంగా స్థిరపడ్డాయి: బరువు 45.93 గ్రాములకు మించరాదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. బ్రిటిష్ నిబంధనలు నడిచిన చోట మాత్రం 41.15 మిల్లీమీటర్ల చిన్న బంతి 1990 వరకు చెల్లింది. ఎదురుగాలిని అది బాగా చీల్చుకుపోయేదని పాతతరం ఆటగాళ్లు ఇప్పటికీ ముచ్చటగా చెబుతారు.

మనం బంతి కొనేటప్పుడు నిజంగా పనికొచ్చే అధ్యాయం దీని తర్వాతిది. రబ్బరు దారపు బంతికి బలాటా అనే మెత్తటి తొడుగు ఉండేది. వెడ్జ్ ముఖం మీది గాట్లకు అది పట్టు ఇస్తుంది, స్పిన్ (బంతి తన చుట్టూ తాను తిరగడం) బాగా వస్తుంది, కానీ కాస్త తప్పుగా తగిలితే తొడుగు తెగిపోయేది. 1960లలో డ్యూపాంట్ సంస్థ సర్లిన్ అనే గట్టి ప్లాస్టిక్‌ను తెచ్చింది. 1972లో స్పాల్డింగ్ ఘనమైన రబ్బరు ముద్ద మీద సర్లిన్ తొడుగు వేసి రెండు పొరల బంతిని అమ్మకానికి పెట్టింది. అది తెగదు, దూరం పోతుంది, కానీ గ్రీన్ మీద ఆగదు. అలా దాదాపు మూడు దశాబ్దాల పాటు ఆటగాడికి రెండే దారులు: ఆగే బంతి కావాలంటే దూరం, మన్నిక వదులుకోవాలి, దూరం కావాలంటే ఆగడం వదులుకోవాలి.

2000లో ఈ చిక్కు విడిపోయింది. ఆ ఏడాది వేసవిలో టైగర్ వుడ్స్ దారం చుట్టని, ఘన గర్భం ఉన్న బహుళ పొరల నైకీ బంతితో పెబుల్ బీచ్‌లో యూఎస్ ఓపెన్‌ను పదిహేను దెబ్బల తేడాతో గెలిచాడు. అక్టోబరులో టైటిలిస్ట్ సంస్థ ప్రో వీ వన్ బంతి అమెరికా టూర్‌లో అడుగుపెట్టిన మొదటి వారంలోనే పదుల సంఖ్యలో ఆటగాళ్లు దానికి మారిపోయారు. ఘన రబ్బరు గర్భం, దాని మీద గట్టి మధ్య పొర, ఆ పైన పలుచని మెత్తటి యూరిథేన్ తొడుగు: డ్రైవర్ బలంగా తగిలితే గర్భమంతా పనిచేసి తక్కువ స్పిన్‌తో దూరం వస్తుంది, వెడ్జ్‌తో కొడితే మధ్య పొరకూ వెడ్జ్ ముఖానికీ మధ్య మెత్తటి తొడుగు నలిగి స్పిన్ పుడుతుంది.

ఇది కళ్లారా చూడాలని నేను కొన్ని బంతులను వైస్‌లో బిగించి హ్యాక్‌సా రంపంతో అడ్డంగా కోశాను. సర్లిన్ బంతి కోతలో ఒకే రంగు ముద్ద, దాని చుట్టూ రెండు మిల్లీమీటర్లకు దగ్గరగా మందమైన తెల్లటి తొడుగు కనిపించాయి. గోరుతో నొక్కితే తొడుగు మీద గుర్తు కూడా పడలేదు. యూరిథేన్ బంతిలో పై పొర గోరు మందానికి మించదు, దాని కింద వేరే రంగులో సన్నటి వలయం, ఆ లోపల గర్భం. పై పొర అంచును గోరుతో గీకితే కొంచెం లేచింది. (రబ్బరు దారం చుట్టిన పాత బంతులను మాత్రం ఎవరూ కోయవద్దు. కొన్నింటి మధ్యలో ఒత్తిడితో బంధించిన ద్రవం ఉంటుంది, అది కళ్లలోకి చిమ్మితే ప్రమాదం.)

కాబట్టి దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న తొడుగు గురించే: యూరిథేనా, కాదా? ప్రతి రౌండులో అయిదారు బంతులు చెరువుల్లోనూ పొదల్లోనూ పోతున్న దశలో యూరిథేన్ అవసరం లేదు. కాలవే సూపర్‌సాఫ్ట్, శ్రిక్సన్ సాఫ్ట్ ఫీల్ లాంటి రెండు పొరల బంతులు తిన్నగా పోతాయి, ధర తక్కువ, త్వరగా గీతలు పడవు. బంతులు పోవడం తగ్గి, గ్రీన్ చుట్టూ చిప్ షాట్లను (తక్కువ ఎత్తున లేచి దొర్లే చిన్న దెబ్బలను) శుభ్రంగా తగిలించగలుగుతున్నప్పుడు యూరిథేన్‌కు మారడం మంచిది. అంతకుముందు మారితే డబ్బు దండగ, ఎందుకంటే బంతికీ వెడ్జ్‌కూ మధ్య గడ్డి నలిగిపోతున్నంత కాలం ఏ తొడుగూ స్పిన్ ఇవ్వలేదు.

కంప్రెషన్ (బంతి ఎంత మెత్తగా, ఎంత గట్టిగా ఉందనే కొలత) గురించి చాలా ప్రచారం జరుగుతుంది. నెమ్మదిగా స్వింగ్ చేసేవాళ్లు మెత్తటి బంతి కొట్టకపోతే దూరం తగ్గిపోతుందని దుకాణాల్లో చెబుతారు. నిజానికి మెత్తటి బంతి సాధారణంగా కొంచెం నెమ్మదిగానే బయలుదేరుతుంది. నెమ్మది స్వింగ్‌కు ఆ తేడా తక్కువ, అంతే. కంప్రెషన్‌ను నేను పుటర్‌తో (గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్రతో) నిర్ణయిస్తాను. పుటర్ ముఖానికి తగిలినప్పుడు వచ్చే చప్పుడు, చేతికి తెలిసే స్పర్శ నచ్చితే చాలు.

ఎంచుకునే పద్ధతి ఇలా ఉండాలి. రెండు మూడు రకాల బంతులు చిన్న పెట్టెల్లో తీసుకుని, ముందు గ్రీన్ మీద పుట్ చేసి చూడాలి. తర్వాత ఇరవై గజాల నుంచి చిప్ చేయాలి, ఆ తర్వాత వంద గజాల లోపు పిచ్ చేయాలి (ఎత్తుగా లేపి గ్రీన్ మీద దించాలి), చివరగా మాత్రమే డ్రైవర్ తీయాలి. ఇదంతా రేంజ్ బంతులతో చేసి లాభం లేదు. అవి మన్నిక కోసం గట్టి తొడుగుతో చేసినవి, ఎన్నో దెబ్బలు తిని అరిగినవి. వాటితో లెక్కించిన దూరాలు కోర్సులో పనికిరావు. చెరువుల నుంచి తీసి అమ్మే పాత బంతులు సాధనకు బాగానే ఉంటాయి గానీ, నీళ్లలో ఎంతకాలం నానాయో తెలియదు కనుక బంతిని బంతితో పోల్చడానికి పనికిరావు.

బెంగళూరు వాళ్లు ఇంకో సంగతి లెక్కలోకి తీసుకోవాలి. మన ఊరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలుచన కావడం వల్ల బంతి కొద్దిగా ఎక్కువ దూరం పోతుంది, అదే సమయంలో దాని మీద స్పిన్ ప్రభావం కొద్దిగా తగ్గుతుంది. చెన్నైలోని నందనం కోర్సులో అదే ఏడో ఐరన్‌తో (మధ్య దూరాలకు వాడే కర్రతో) అదే స్వింగ్ చేసినా నాలుగైదు గజాలు తక్కువ వస్తాయి. అది బంతి తప్పు కాదు. అక్కడికి వెళ్లినప్పుడు ఐరన్ నంబరు మార్చుకోవాలి, బంతిని మార్చకూడదు.

ఒకసారి ఎంచుకున్నాక కనీసం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం ఆ రకాన్నే ఆడాలి, ఎందుకంటే గ్రీన్ మీద ఎన్ని అడుగులు దొర్లుతుందో చేతికి తెలియడానికి అంత సమయం పడుతుంది. దొరికిన బంతి ఏదైనా కొట్టేస్తే ఆ అంచనా ఏర్పడదు. ఒకే రకం వాడుతున్నప్పుడు పక్కవాళ్ల బంతీ మన బంతీ కలిసిపోయే అవకాశం ఎక్కువ కనుక, ఆట మొదలుపెట్టే టీ దగ్గరే బంతి మీది సంస్థ పేరు కింద చెరగని సిరాతో ఒక గీత, రెండు చుక్కలు పెట్టుకోవాలి. తొడుగు మీద వేలికి తగిలేంత లోతు గీత పడిన బంతిని ఆ హోల్ పూర్తికాగానే సాధన సంచిలోకి మార్చేయాలి.