కారే కిటికీలు

ఆఫీసు పని మీద షాంఘై వచ్చి నెల కావస్తోంది. నిన్న ఖాళీ దొరికితే ఫాస్ట్ ట్రైన్ ఎక్కి అరగంటలో సుజౌలో దిగాను. తోటలు చూద్దామని వెళ్లి కిటికీలు చూసొచ్చాను!

ఛాంగ్‌లాంగ్ థింగ్ అని ఒక తోట, సోంగ్ రాజుల కాలంలో మొదలైంది. అక్కడి వసారా గోడల్లో 108 కిటికీలున్నాయి, ఏ రెండూ ఒకలా ఉండవు. అద్దం లేదు, రెక్కల్లేవు, ఉన్నదంతా జాలీనే. ఒకదాంట్లో ఆకు, ఇంకోదాంట్లో పువ్వు. వీటిని లౌచ్వాంగ్ అంటారు, అంటే కారే కిటికీ. పేరు పెట్టినవాడెవడో గాని దండం పెట్టాలి, నిజంగానే అవతలి వెలుతురు, గాలి, వెదురాకుల కదలిక అన్నీ కొంచెం కొంచెంగా ఇవతలికి కారుతుంటాయి, రెండడుగులు వేస్తే బొమ్మ మారిపోతుంది. ఒకదాని ముందు పది నిమిషాలు నిలబడ్డాను. ఫోటో తీస్తే మాత్రం జాలీ నల్లగా, వెనకంతా తెల్లగా వచ్చింది. సరేలే.

మధ్యాహ్నం జువోజెంగ్ యువాన్ అనే ఇంకో తోటకి వెళ్లాను, అది ఇంకా పెద్దది. అక్కడ పున్నమి చంద్రుడిలా గుండ్రటి గుమ్మం ఒకటుంది, దానికీ తలుపుల్లేవు, దూరం నుంచి చూస్తే అవతలి చెరువూ చెట్లూ ఫ్రేమ్ కట్టినట్టున్నాయి. అందులోంచి దాటేటప్పుడు అందరూ తెలియకుండానే నడక నెమ్మది చేస్తున్నారు, నేనూ చేశాను. చెరువు గట్టున చిన్న మండపం, దాని కిటికీ విసనకర్ర ఆకారంలో ఉంది. ఆ మండపం పేరే ‘ఎవరితో కూర్చోను?’

నేనైతే సెల్ఫీ స్టిక్కులు పట్టుకున్న ఎనిమిది మందితో కూర్చున్నాను.