సున్నాకు తాళం

ప్రవాసమంటే సముద్రాలు దాటడమే అనుకునేవారికి నా అనుభవం చిన్నదిగా తోచవచ్చు. పార్వతీపురంలో రైలెక్కినవాడు ఒక కునుకు తీసి లేచేసరికి రాయగడ వచ్చేస్తుంది. కొండలు అవే, నాగావళి అదే, మజ్జిగౌరమ్మ గుడికి మొక్కులు తీర్చుకోవడానికి వచ్చేవారిలో చాలామంది నోట వినిపించేది మన ఉత్తరాంధ్ర యాసే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ గడ్డ మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. అయినా 1998లో విశాఖపట్నం డీలరు ఒక టెలిఫోను పెట్టె, తీగలను దిగ్గొట్టే ఒక క్రోన్ టూలు, ఒక ఇంగ్లిషు మాన్యువల్ చేతికిచ్చి నన్ను ఇక్కడికి పంపినప్పుడు, ఒడియా బోర్డులు చదవలేక బస్టాండులో నిలబడిపోయిన ఆ ఉదయం నాకు పరదేశంలో దిగినట్టే అనిపించింది. వారం రోజుల పనికని వచ్చాను. వెనక్కి వెళ్లింది సామాను తెచ్చుకోవడానికే.

ఆఫీసుల్లో ఇంటర్‌కామ్ బోర్డు అని పిలిచే ఈపీఏబీఎక్స్ పెట్టెలను బిగించి, ప్రోగ్రాం చేయడం నా వృత్తి. బయటి ఎక్స్‌చేంజి నుంచి మూడు లైన్లు లోపలికి వస్తే, ఆ మూడింటినీ ఇరవైనాలుగు టేబుళ్ల మీది ఫోన్లు పంచుకునేలా చూస్తుంది ఆ పెట్టె. దాన్ని గోడకు బిగించడం, తెలుపు-నీలం, తెలుపు-నారింజ జతలను లెక్క తప్పకుండా మాడ్యూల్లోకి దిగ్గొట్టడం ఒక పూట పని. ఆ తరువాత మొదటి ఎక్స్‌టెన్షన్ మీద డిస్‌ప్లే ఉన్న కీ టెలిఫోను పెట్టి, ప్రోగ్రాం బటన్ నొక్కి, నక్షత్రం, హాష్, పాస్‌వర్డు కొట్టి లోపలికి ప్రవేశిస్తే అసలు పని మొదలవుతుంది. అక్కడ ప్రతి సదుపాయానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఎవరి ఫోను మొదట మోగాలి, ఎవరు ఎత్తకపోతే ఎవరికి మళ్లాలి, మధ్యాహ్న భోజన వేళ ఎక్కడ మోగాలి, రాత్రి గేటు దగ్గర మోగాలా వద్దా అనే ప్రశ్నలన్నీ అంకెలుగా మారి, ఒక్క వరుస అక్షరాలు పట్టే ఆ చిన్న అద్దంలో కనిపిస్తాయి.

భాష రాని కొత్తలో జరిగిన ఒక సంగతి తలచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది. బిగించిన రెండో రోజే స్టోర్సు గుమాస్తా పరుగున వచ్చి ‘మిస్త్రీ, ఫోన్ లాగునీ, లాగునీ’ అన్నాడు. ఎవరో ఫోను వైరు లాగేశారనుకుని నేను నిచ్చెన వేసుకుని అటక మీది వైరంతా చివరిదాకా తడుముతూ పోయాను. లైను కలవడం లేదని ఒడియాలో చెప్పే తీరు అదని సాయంత్రానికి గానీ తెలియలేదు. ఆయన లైను కలవకపోవడానికి కారణం నేను ప్రోగ్రాంలో చేసిన పొరపాటే. ఒడియాలో నేను నేర్చుకున్న మొదటి మాటలు ఇలాంటి ఫిర్యాదులే. కూరగాయల పేర్లు తరువాత వచ్చాయి.

ఎక్స్‌టెన్షన్ నంబర్లు ఇవ్వడం చిన్న పనిగా కనిపిస్తుంది గానీ, ఒక కార్యాలయంలో ఎవరి స్థాయి ఎంతో అంతకంటే స్పష్టంగా చెప్పే కాగితం మరొకటి ఉండదు. పెద్దాయనకు 201 ఇచ్చి, వైరు వచ్చిన క్రమంలో మిగతావారికి వరుసగా నంబర్లు వేసుకుంటూ పోతే, స్టోర్సు తరువాతి నంబరు దక్కిన అకౌంట్సు అధికారి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంకొకాయన తన నంబరులోని అంకెలు కూడితే ఎనిమిది వస్తోందనీ, అది శనికి చెందిన సంఖ్య అనీ మార్పించుకున్నారు. ఏ వైరుకు ఏ నంబరైనా ఇవ్వగల సదుపాయం పెట్టెలోనే ఉన్నందువల్ల నాకు వచ్చిన నష్టమేమీ లేదు. అప్పటినుంచి పెట్టె తెరవకముందే పెద్ద గుమాస్తా పక్కన కూర్చుని టీ తాగుతూ ఎవరి తరువాత ఎవరో రాసుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఈ ఇరవై ఏడేళ్లలో నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది ఎస్టీడీ తాళం. ఇతర ఊళ్లకు చేసే నంబర్లు సున్నాతో, విదేశాలకు చేసేవి రెండు సున్నాలతో మొదలవుతాయి గనుక, లైను తీసుకున్నాక మొదటి అంకె సున్నా అయితే కోసేయమని పెట్టెకు చెబితే చాలు, ఆ ఎక్స్‌టెన్షన్ ఊరు దాటి మాట్లాడలేదు. అనుమతించవలసిన కోడ్‌లకు వేరే పట్టిక ఉంటుంది. నేను చాలాకాలం చూసిన ఒక ఫ్యాక్టరీ కార్యాలయంలో ఆ పట్టికలో రెండే కోడ్‌లు పెట్టమన్నారు: భువనేశ్వర్‌కు 0674, విశాఖపట్నానికి 0891. వ్యాపారం ఆ రెండు ఊళ్లతోనే గదా అన్నారు. నిజమే. కానీ ఆ కార్యాలయంలో పనిచేసే మావాళ్లలో ఎక్కువమంది ఇళ్లు పార్వతీపురం, బొబ్బిలి, శ్రీకాకుళం వైపు. దూరాన ఉన్న భువనేశ్వర్‌కు గంటసేపు మాట్లాడినా పెట్టె నోరెత్తదు, గంట ప్రయాణం లేని 08963కు మాత్రం మొదటి సున్నా దగ్గరే ఎంగేజ్ టోన్ పెడుతుంది. రాష్ట్రాల సరిహద్దు కూనేరు దగ్గర ఉందని అందరూ అంటారు గానీ, అక్కడ పనిచేసేవారికి అది నేను రాసిన ఆ పట్టికలో ఉండేది.

మనవాళ్లు దానికీ దారి కనిపెట్టారు. విశాఖపట్నం బ్రాంచికి ఫోను చేస్తే, అక్కడి ఆపరేటరమ్మ తన దగ్గర ఇంకో లైను తీసి, ఇద్దరినీ కాన్ఫరెన్సులో కలిపి తాను తప్పుకునేది. నెలాఖరులో బ్రాంచి బిల్లు పెరిగింది. అప్పుడు నన్ను పిలిచి, కాల్ రికార్డు ప్రింటరు పెట్టమన్నారు. పెట్టెకు సీరియల్ కేబులుతో చుక్కల ప్రింటరు తగిలిస్తే, కాలు ముగిసిన ప్రతిసారీ తేదీ, సమయం, ఎక్స్‌టెన్షన్, ఏ లైను, ఏ నంబరు, ఎంతసేపు అన్నది ఒక్కొక్క వరుసగా చప్పుడు చేసుకుంటూ అచ్చు వేస్తుంది. పదిహేను రోజుల కాగితం మడతలు విప్పి చూస్తే, పొడుగాటి కాల్‌లన్నీ గేటు దగ్గరి ఫోను నుంచే. అవీ రాత్రి పొద్దుపోయాకే, చార్జీలు తగ్గే వేళ చూసుకుని చేసినవే.

గేటు దగ్గర రాత్రి కాపలా ఉండే పెద్దాయనది కొమరాడ వైపు పల్లె. కాగితం ఇంకా మేనేజరు చేతికి ఇవ్వలేదు. నేను గేటు దగ్గరికి వెళ్లి కూర్చుంటే ఆయనే కదిలించాడు.

‘బాబూ, ఆ తాళం నువ్వేసినదే గదా. ఇంటికాడ ముసిల్ది మంచాన పడుంది. దానికి ఏటని సెప్పమంటావు?’

కాగితాన్ని దాచడం నా వల్ల కాలేదు. దాచినా మరుసటి నెల మళ్లీ అచ్చవుతుంది. మేనేజరు బాబుకు కాగితంతో పాటు ఒక ఉపాయం కూడా ఇచ్చాను. పెట్టెలో అకౌంట్ కోడ్ అనే సదుపాయం ఉంది. ఒక్కొక్కరికీ నాలుగంకెల రహస్య సంఖ్య ఇస్తే, ఏ ఫోను నుంచైనా ముందు అది కొట్టినవారికే సున్నా తెరుచుకుంటుంది, కాగితం మీద ఆ కోడ్ కూడా పడుతుంది, నెలాఖరున ఎవరి సొంత మాటల ఖర్చు వారి జీతంలో కోసుకోవచ్చు. ఆయన కాసేపు ఆలోచించి, అలాగే చేయమన్నారు. మాటకు మూడు నిమిషాలని పరిమితి పెట్టమన్నారు. ఆ గడువు ఎంత పెట్టవచ్చునో మాన్యువల్లో చూపించి అయిదుకు ఒప్పించాను. గేటు పెద్దాయన తన కోడ్‌ను చుట్ట పెట్టె మూత మీద మేకుతో గీసుకున్నాడు. అది రహస్య సంఖ్య అని ఎంత చెప్పినా వినలేదు.

ఇదే పెట్టెలో అధికారులు ఇతరుల సంభాషణలోకి చొరబడే సదుపాయమూ ఉంటుంది. చొరబడినప్పుడు ఇద్దరికీ ఒక చిన్న బీప్ వినిపిస్తుంది. ఆ బీప్ తీసేయగలవా అని నన్ను చాలామంది అడిగారు. కొన్ని పెట్టెల్లో అది ఒక్క అంకె మార్చితే పోతుంది. పోదనే చెప్పాను. అబద్ధమే, కాని వృత్తిలో నేను పశ్చాత్తాపపడని అబద్ధం అది ఒక్కటే.

తరువాతి కాలంలో, ఫోను ఎత్తడానికి మనిషి లేకుండా ముందే రికార్డు చేసిన గొంతు పలికి, కావలసిన విభాగానికి కలిపే పద్ధతి ఈ ఊళ్లకూ వచ్చింది. దానితోపాటు ఒక జబ్బు వచ్చింది. అవతలివాడు ఫోను పెట్టేసినా పెట్టెకు ఆ సంగతి తెలియక, లైను గంటల తరబడి బిజీగా ఉండిపోయేది. మన దేశంలో ఎంగేజ్ టోన్ ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. రింగ్ టోన్ 0.4 సెకను మోగి, 0.2 సెకను ఆగి, మళ్లీ 0.4 మోగి, రెండు సెకన్లు ఊరుకుంటుంది. రెండింటి స్వరమూ 400 హెర్ట్జ్. ఇంకో దేశపు టోన్లకు అలవాటుపడి వచ్చిన పెట్టెకు మన ఎంగేజ్ టోన్ ఎంతసేపు విన్నా అర్థం కాదు, ‘లాగునీ’ విని వైరు వెతుక్కున్న నాలాగే. ఆ ముప్పావు సెకన్లను ప్రోగ్రాంలో రాసిన రోజున లైన్లు వాటంతట అవే విడివడడం చూసి కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు. ఈ స్వరాలను దగ్గరి ఎక్స్‌చేంజిలో వినిపించిన సీ-డాట్ అనే ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ యంత్రాలంటే నాకు ఇప్పటికీ గౌరవమే. 1984లో మొదలైన ఆ సంస్థ, ఏసీ గది అక్కర్లేకుండా పల్లెల్లో నడిచే 128 లైన్ల ఎక్స్‌చేంజిని తయారుచేసింది. దాని వెనుక ఉన్న శామ్ పిట్రోడా పుట్టింది మా రైలు మార్గంలోనే, రాయగడ దాటి పోతే వచ్చే టిట్లాగఢ్‌లో. ఈ మాట ఎక్కడ బోర్డు బిగించినా ఎవరో ఒకరికి చెబుతుంటాను. సగంమంది టీ తాగి వెళ్లిపోతారు.

వేసవి చివరి పిడుగుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ కొండల్లో బయటి లైను వెంట వచ్చే పిడుగు పెట్టెలోని కార్డులను మాడ్చేస్తుంది. బొగ్గు, ఉప్పు వేసి సరిగా ఎర్తు తీసి, లైనుకు పిడుగు పోటును ఎర్తులోకి మళ్లించే గ్యాస్ ట్యూబులు పెట్టినచోట నష్టం తక్కువ. ఎర్తుకు డబ్బు దండగ అన్నచోట ఏటా నాకు పని.

కొన్నేళ్ల కిందట ఒక ప్రైవేటు ఆసుపత్రికి పెట్టె పెట్టినప్పుడు, స్వాగతం ఏ భాషలో మొదలుకావాలన్న చర్చ రెండు రోజులు సాగింది. ఒడియా ముందు ఉండాలని అందరూ ఒప్పుకున్నారు, అది న్యాయం కూడా. రెండోది హిందీయా తెలుగా అన్నదగ్గర ఆగిపోయారు. డాక్టరుగారు ఒడియా మనిషే. ఆయన ఓపీ రిజిస్టరు తెప్పించి, ఊళ్ల పేర్లు చదివి, రోగుల్లో ఆంధ్ర వైపు నుంచి వచ్చేవారు ఇంతమంది ఉంటే ఇంకా మాటలెందుకు అన్నారు. రిసెప్షన్ అమ్మాయి ఒడియా భాగాన్ని చక్కగా చదివింది. తెలుగు చదవడానికి ఎవరూ దొరకక నన్నే చదవమన్నారు. ‘తెలుగు కొరకు రెండు నొక్కండి’ అని నేను రాసుకున్నది పుస్తకాల తెలుగు. రికార్డు చేసి వింటే రేడియో వార్తల్లా ఉంది. ‘తెలుగులో మాట్లాడాలంటే రెండు నొక్కండమ్మా’ అని మళ్లీ చెప్పాను. ఆ చివరి ‘అమ్మా’ను తీసేయమని ఒకరు, ఉంచమని ఒకరు అన్నారు. ఉంచేశారు. ఈ ఊళ్లో ఇన్నేళ్లుగా నన్ను ‘తెలెంగా మిస్త్రీ’ అనే పిలుస్తున్నారు. మొదట్లో ఆ పిలుపు గుచ్చుకునేది. ఇప్పుడు ఆ ఆసుపత్రికి ఫోను చేసినవారందరికీ ఆ తెలెంగా గొంతు కూడా దారి చూపిస్తోంది.

పోయిన నెల ఆ పాత పెట్టె తీసి సిమ్ కార్డులు పెట్టుకునే కొత్తది బిగించాము. కీ టెలిఫోను ముందు మునివేళ్ల మీద కూర్చునే రోజులు పోయాయి. ల్యాప్‌టాప్‌లో బ్రౌజరు తెరిచి పేజీలు నింపడమే. పాత గొంతును అందులోకి ఎక్కించలేక మళ్లీ చదివాను. అంతా సరిచూసుకుంటూ రిసెప్షన్ దగ్గర కూర్చుని మొదటి కాల్‌లు వింటుండగా, ఎవరో ముసలమ్మ ఏ అంకే నొక్కకుండా నా రికార్డు గొంతుతోనే మాట్లాడడం మొదలుపెట్టింది: ‘బాబూ, డాక్టరుబాబు ఉన్నారా? మా మనవడికి జొరం తగ్గలేదు. వింటన్నావా బాబూ?’

ఏమీ నొక్కనివారి కాల్‌ను రిసెప్షన్‌కు మళ్లించే ముందు కొత్త పెట్టె పది సెకన్లు ఆగుతుంది. దాన్ని మూడు చేశాను.