ఫుల్‌సమ్ అంటే మెచ్చుకోలా, వెగటా?

సోమవారం

పొద్దుట్నుంచీ ముసురు. బల్ల మీద పని ఒకే ఒక్క ఇంగ్లీషు విశేషణం: ఫుల్‌సమ్. మన దేశపు ఇంగ్లీషు పత్రికల్లో ఇది ఎక్కువగా ‘ప్రెయిజ్’ పక్కనే కనిపిస్తుంది. ఫలానా మంత్రి ఫలానా నాయకుడి మీద ఫుల్‌సమ్ ప్రెయిజ్ కురిపించారు అని రాస్తారు. తెలుగు డెస్కులో కూచున్న మనిషి దాన్ని ‘వేనోళ్ల కొనియాడారు’ అని మార్చి పంపేస్తాడు. రాసిన విలేకరి ఉద్దేశం అదే అయ్యుండొచ్చు. కానీ కాస్త పాతకాలపు ఇంగ్లీషు చదువు చదివినాయన అదే వాక్యాన్ని ‘వినేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉండేంత పొగిడారు’ అని అర్థం చేసుకుంటాడు. ఇద్దరి పక్కనా నిఘంటువులున్నాయి. చిక్కంతా అక్కడే.

మాట పుట్టుకలో మర్మమేమీ లేదు. ‘ఫుల్’ అంటే నిండు. ‘సమ్’ గుణాన్ని చెప్పే పాత ఇంగ్లీషు ప్రత్యయం. హోల్‌సమ్, లోత్‌సమ్, విన్‌సమ్, హ్యాండ్‌సమ్ అన్నింట్లో ఉన్నది అదే. జర్మన్ ‘లాంగ్‌జామ్’లోని ‘జామ్’ దీని తోబుట్టువు. నలుగురి జట్టును ఫోర్‌సమ్ అంటారే, ఆ ‘సమ్’ మాత్రం వేరు, దీంతో కలపకూడదు. ఈ తోక తగిలిన మాటలకు నిలకడ తక్కువ. హ్యాండ్‌సమ్ మొదట్లో చేతికి అనువైనది. అందగాడు అయింది చాలా తర్వాత. బక్సమ్‌లోనూ ఇదే తోక ఉంది, స్పెల్లింగు మారిపోవడంతో పోల్చుకోలేం. అది ‘వంగు’ అనే క్రియలోంచి వచ్చింది కాబట్టి తొలి అర్థం విధేయత. మధ్యయుగపు ఇంగ్లండు పెళ్లి ప్రమాణంలో వధువు తాను బక్సమ్‌గా ఉంటానని భర్తకు మాటిచ్చేది. ఇవాళ బక్సమ్ అంటే నిండైన రొమ్ములున్న ఆడమనిషి. ఆ అర్థంతో ప్రమాణం చదివితే పురోహితుడు కూడా నవ్వాపుకోలేడు.

ఫుల్‌సమ్ మొదట కనిపించేది ‘జెనసిస్ అండ్ ఎక్సోడస్’ అనే మధ్య ఇంగ్లీషు పద్యకావ్యంలో. బైబిలు కథలో, ఈజిప్టులో యోసేపు ముందే చెప్పిన ఏడు సమృద్ధి సంవత్సరాలకు వాడిన విశేషణం ఇదే. అంటే పుష్కలమైన, పంటలు పొంగిన. ఈ తొలి ప్రయోగానికి ఒక పుస్తకం 1250 అనీ ఇంకోటి 1325 అనీ వేస్తే కంగారుపడక్కర్లేదు. కావ్యం కూర్చింది 1250 ప్రాంతంలో. మనకు మిగిలిన ఒకే ఒక్క రాతప్రతి 14వ శతాబ్దం తొలినాళ్లది. చారిత్రక నిఘంటువులో ఏడాది కనిపించగానే అది రచన కాలమా, ప్రతి కాలమా అని చూసుకోవాలి. లేఖకుడు మధ్యలో మాట మార్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కనక ప్రతి కాలాన్ని పట్టుకోవడమే క్షేమం.

పుష్కలం నుంచి పుష్టి. ఒంటికి వాడితే కండపట్టిన, బలిసిన అని. 1567లో ఆర్థర్ గోల్డింగ్ లాటిన్ కవి ఓవిడ్ ‘మెటమార్ఫసిస్’ను ఇంగ్లీషు చేసినప్పుడు, మెడియా మంత్రంతో ముసలి ఈసన్ మళ్లీ పడుచువాడయ్యే ఘట్టంలో, ఎండిపోయిన ఆ దేహం ఫుల్‌సమ్‌గా, తాజాగా మారిందని రాశాడు. అక్కడ అది పూర్తిగా మెచ్చుకోలే. అదే కాలంలో తిండికి వాడినప్పుడు మాత్రం మాట జారడం మొదలైంది. కడుపు నింపేది అన్నది కడుపు బరువెక్కించేదిగా, ఆపైన మొహం మొత్తేదిగా మారింది. మొదటి బొబ్బట్టు కమ్మగా ఉంటుంది, అయిదోది వెగటు. పూర్ణం మాత్రం అదే. అర్థం మారడానికి వస్తువు మారనక్కర్లేదు, మోతాదు చాలు. దీనికి తోడు ‘ఫౌల్’ అనే మాట పోలిక కూడా ఈ జారుడుకు సాయపడి ఉంటుందని భాషాచరిత్రకారుల ఊహ. రెంటి పాత రూపాలు చెవికి దగ్గరగానే ఉంటాయి కాబట్టి ఆ ఊహను కొట్టిపారేయలేం.

మధ్యాహ్నమంతా షేక్‌స్పియర్‌తోనే సరిపోయింది. ఒకే రచయిత, పదేళ్ల చిల్లర వ్యవధిలో, ఈ మాటను ఎన్ని మెట్ల మీద నిలబెట్టాడో చూడటానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ‘మర్చెంట్ ఆఫ్ వెనిస్’ మొదటి అంకంలో షైలాక్ వడ్డీని సమర్థించుకుంటూ బైబిల్లోని యాకోబు కథ చెబుతాడు: తొక్క ఒలిచిన కర్రలను ఫుల్‌సమ్ గొర్రెల ముందు పాతిపెట్టాడని. ఇక్కడ బలిసినవని కొందరు, ఎదకొచ్చినవని కొందరు వ్యాఖ్యానిస్తారు. జతకట్టే వేళ కర్రలు పాతడమే కథకు కీలకం కాబట్టి నా ఓటు రెండోదానికే. ‘రిచర్డ్ ద థర్డ్’ అయిదో అంకంలో క్లారెన్స్ ప్రేతం తనను ఫుల్‌సమ్ సారాలో ముంచి చంపారని వాపోతుంది. మామ్సీ అనే తియ్యటి ద్రాక్షసారా పీపా అది. మాటలో సమృద్ధీ ఉంది, వాంతొచ్చేంత వెగటూ ఉంది. నటుడు రెండూ పలికించొచ్చు.

‘కింగ్ జాన్’ మూడో అంకంలో కొడుకును పోగొట్టుకున్న కాన్‌స్టెన్స్ మృత్యువుతో మాట్లాడుతూ, నా ఊపిరి సందును ఫుల్‌సమ్ మట్టితో పూడుస్తానంటుంది. ఇక్కడ సమృద్ధి జాడ కూడా లేదు, కుళ్లిన మట్టి అని అర్థం. ‘ట్వెల్ఫ్త్ నైట్’ చివరి అంకంలో ఒలీవియా ఓర్సినో ప్రేమ పాటను, సంగీతం విన్నాక కుక్క అరుపులా తన చెవికి కొవ్వుగా, ఫుల్‌సమ్‌గా ఉందని తీసిపారేస్తుంది. తిండి మాట చెవికి ఎక్కడం ఇక్కడ గమనించాలి. తర్వాతి శతాబ్దంలో పొగడ్తకు ఇది అంటుకోబోయే దారి ఇదే. ఇక ‘ఒథెల్లో’ నాలుగో అంకంలో భార్య రంకు తలచుకుని ఒథెల్లో ‘అది ఫుల్‌సమ్’ అంటాడు, కాసేపటికే మూర్ఛపోతాడు. అంటే రోత, అసభ్యం. వీటిలో ఏ ఒక్కచోటా ‘పుష్కలంగా మెచ్చుకునే’ అన్న అర్థం అతకదు.

17వ శతాబ్దంలో ఈ మాట తిట్లన్నిటికీ పెద్దదిక్కయింది. కంపు వాసన, బూతు రాత, ముతక తిండి, మురికి మనిషి, అన్నీ ఫుల్‌సమే. అంత వెడల్పున పరుచుకున్న మాట మళ్లీ ఇరుకవుతుంది. మిగిలిందల్లా భాష మీద విమర్శ: మితిమీరిన స్తుతి, దేబిరింపు, చెవులు మూసుకోవాలనిపించే ముఖస్తుతి. పుస్తకాలకు అంకితం రాసి ప్రభువుల దగ్గర డబ్బు పుచ్చుకునే కాలం కదా, మాటకు పని దొరికింది. 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో దీనికిచ్చిన తొలి అర్థం ఓకరింపు పుట్టించేది అని. ‘ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ’ తొలి కూర్పు 19వ శతాబ్దం చివర ఈ మాట దగ్గరికి వచ్చేసరికి, ‘పుష్కలం’ అనే అర్థం పక్కన బాకు గుర్తు వేసింది. ఆ నిఘంటువులో బాకు అంటే చచ్చిపోయిన అర్థమని.

తెలుగు చదువుకున్నవాళ్లకు ఈ దిగజారుడు కొత్త కాదు. పాత కావ్యాల్లో కంపు అంటే పరిమళం. అర్థాపకర్ష, అంటే మంచి అర్థం చెడ్డదిగా దిగజారడం, ఆ పాఠంలో అందరూ చెప్పే ఉదాహరణే. కానీ కంపు వెనక్కి రాలేదు. ఫుల్‌సమ్ వచ్చింది.

20వ శతాబ్దంలో బాకు గుర్తున్న అర్థం లేచి కూచుంది. నిఘంటువు తెరవకుండా, ‘ఫుల్’ వినిపిస్తోంది కాబట్టి నిండైనదే అయ్యుంటుందని జనం వాడేశారు. పెద్ద నిఘంటువులు దాన్ని పట్టించుకోవడంలో ఆలస్యం చేశాయి. దాంతో తెలిసినవాళ్లు ‘తప్పు’ అన్నారు, వాడేవాళ్లు ‘అసలు అర్థం ఇదేగా’ అన్నారు. ఇప్పుడు మెరియమ్-వెబ్‌స్టర్ రెండు అర్థాలనూ బతికున్నవిగానే చూపుతుంది, అస్పష్టత ఉందని హెచ్చరిస్తుంది. అమెరికా వాడుక నిపుణుడు బ్రయన్ గార్నర్ 1998లో ఇలాంటి మాటలకు ‘స్కంక్‌డ్’ అని పేరు పెట్టాడు. స్కంక్ అంటే కంపు చిమ్మే ఒక జంతువు. ఎలా వాడినా సగంమంది ముక్కు మూసుకుంటారు, గొడవ సద్దుమణిగే దాకా ముట్టుకోకండి అని. ఆ జాబితాలో ఫుల్‌సమ్ ఉంది.

రెండు పక్షాల వాదనా నాకు ఎక్కదు. ‘తొలి అర్థం మంచిదే కాబట్టి మేం రైటు’ అన్నవాళ్లు మధ్యలో మూడు, నాలుగు వందల ఏళ్లు మింగేస్తున్నారు. ‘అసలు అర్థం వెగటే’ అన్నవాళ్లు యోసేపును మరిచిపోతున్నారు. పుట్టుక చూసి నేటి అర్థం తేల్చలేం. పక్కనున్న నామవాచకం చూడాలి, ఎవరు అంటున్నారో చూడాలి.

‘ఫ్లాటరీ’ ముందు వస్తే ఎప్పుడూ తిట్టే, సందేహం వద్దు. శరీరం, గొంతు, రుచి ముందు వస్తే నిండైన అని. ‘అపాలజీ’ ముందు వస్తే, ముఖ్యంగా బ్రిటిష్ రాజకీయాల్లో, బేషరతు క్షమాపణ అని. ‘లెస్ దాన్ ఫుల్‌సమ్’ అంటే దాదాపు ఎప్పుడూ అరకొర అనే అర్థం, అక్కడా మంచి అర్థమే పనిచేస్తోంది. గడ్డు సమస్య ప్రెయిజ్, ట్రిబ్యూట్ ముందే. పొగిడిన మనిషే ‘నా ఫుల్‌సమ్ ప్రెయిజ్ అందుకోండి’ అంటే మంచి ఉద్దేశమే. తన పొగడ్త వెగటుగా ఉందని ఎవరూ చెప్పుకోరు. వ్యాసకర్తో ప్రత్యర్థో అంటే వెటకారం వైపు మొగ్గాలి. విలేకరి రాసిన పొడి వార్తలో అయితే తేలదు. అలాంటప్పుడు తెలుగులో ‘తెగ పొగిడారు’ అనో ‘పొగడ్తల్లో ముంచెత్తారు’ అనో రాస్తే సరి. మెచ్చుకోలూ చూడొచ్చు, చురకా చూడొచ్చు, మనం తీర్పు ఇచ్చినట్టు ఉండదు. ‘కొనియాడారు’, ‘భజన చేశారు’ రెండూ ఒక పక్షం తీసుకుంటాయి. ఇంగ్లీషులో మనమే రాయాల్సి వస్తే, మెచ్చుకోలుకు జెనరస్ లేదా లావిష్, తెగడ్తకు క్లోయింగ్ వాడుకుంటే గొడవే లేదు.

సాయంత్రం గూగుల్ బుక్స్ ఎన్‌గ్రామ్ గీత చూశాను. అచ్చు పుస్తకాల్లో ఒక మాట ఏ ఏడాది ఎంత వాడారో లెక్కగట్టి చూపే గీత అది. ఇలాంటి మాటకు దాన్ని నమ్మడం కష్టం. 1800కు ముందు అచ్చులో మాట మొదట్లో, నడుమ వచ్చే ‘ఎస్’ను పొడుగ్గా, దాదాపు ‘ఎఫ్’లా వేసేవారు. ఫుల్‌సమ్‌లో ‘ఎస్’ నడుమే ఉంది. యంత్రం చదివేటప్పుడు అది ‘ఫుల్‌ఫమ్’ అయిపోతుంది, లెక్కలోంచి జారిపోతుంది. ముద్రాపకులు ఆ అక్షరాన్ని వదిలేసిన 1800 ప్రాంతంలో గీత ఉన్నట్టుండి లేస్తే, మాట వాడుక పెరిగిందని పొరబడతాం. 2009 నాటి మొదటి విడతలో ఈ లోపం మరీ ఎక్కువ, తర్వాత తగ్గింది. తప్పు రూపాన్ని కూడా వెతికి రెండూ కూడుకోవాలి. ఇంకో ఇబ్బంది, పునర్ముద్రణలు: 19వ శతాబ్దంలో షేక్‌స్పియర్‌ను ఎన్నిసార్లు అచ్చేస్తే షైలాక్ గొర్రెలు అన్నిసార్లు ఆ శతాబ్దం ఖాతాలో పడతాయి. 1700కు ముందు కాలానికైతే ‘ఎర్లీ ఇంగ్లిష్ బుక్స్’ సేకరణలో మనుషులు టైపు చేసిన పాఠాలే మేలు. అక్కడ పొడుగు ‘ఎస్’ పీడ ఉండదు. స్పెల్లింగు పీడ ఉంటుంది: చివర ‘ఈ’ ఉన్నదీ లేనిదీ, ఒక ‘ఎల్’, రెండు ‘ఎల్’లు, ‘ఓ’ బదులు ‘యూ’. అన్ని రూపాలూ వేసి వెతకాలి. వచ్చిన ప్రతి వరుసా మనిషే చదవాలి, మంచి అర్థమో చెడ్డదో యంత్రం చెప్పదు.

రేపు నాయ్‌సమ్. దానికి చప్పుడుతో సంబంధం లేదు. ‘అనాయ్’ (బాధించు, విసిగించు) అనే క్రియ పొట్టి రూపానికి ఇదే తోక తగిలించి 14వ శతాబ్దంలో ‘హాని చేసేది’ అన్నారు, తర్వాత దుర్వాసనకు స్థిరపడింది. గోల చేసే పిల్లల్ని నాయ్‌సమ్ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.