ఫ్లై యాష్‌తో వడపోత బిళ్ల

థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిదతో (ఫ్లై యాష్) నీటిని వడకట్టే బిళ్ల చేయొచ్చు. ఆ బూడిదలో కాలని బొగ్గు ఎక్కువుంటే, కొలిమిలో బిళ్ల లోపల నల్లబడి ఉబ్బుతుంది. అందుకే బూడిదను ముందే 700 డిగ్రీల దగ్గర కాల్చి, సన్నగా జల్లించాలి.

బరువులో 65 పాళ్లు బూడిద, 20 కయోలిన్ (తెల్ల బంకమట్టి), 10 సున్నపురాయి పొడి, 5 సోడియం కార్బొనేట్‌తో మొదలుపెట్టొచ్చు. జిగురుగా కాస్త పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) ద్రావణం కలిపి అచ్చులో నొక్కి, ఒక రోజు నీడన, తర్వాత 100 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టాలి.

అసలు పరీక్ష కొలిమిలోనే. నిమిషానికి 2 డిగ్రీలకు మించి వేడి పెంచొద్దు. 700–850 మధ్య సున్నపురాయి వదిలే కార్బన్ డయాక్సైడ్ రంధ్రాలు చేస్తుంది. అక్కడ తొందరపడితే పగుళ్లే. 950 దగ్గర రెండు గంటలు ఉంచాలి. మరీ పెంచితే కరిగిన గాజు రంధ్రాల్ని మూసేస్తుంది. తక్కువైతే మిగిలిన సున్నం తడికి ఉబ్బి బిళ్ల చిట్లుతుంది.

నూనె, మడ్డి ఆగుతాయి. అద్దకం నీటిలో కరిగిన రంగు మాత్రం దాటిపోతుంది! బూడిదలోని విషలోహాలు నీటిలోకి దిగొచ్చు కాబట్టి, వాడేముందు బిళ్ల నానిన నీటిలో ఆర్సెనిక్, క్రోమియం పరీక్ష తప్పనిసరి.